చందా లేని టెలివిజన్ రికార్డింగు: ఒక విమర్శ

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఇంటి కప్పుమీద ఒక యాంటెన్నా నిలుపుకొన్న కుటుంబమునకు, ఆ ప్రాంతపు ప్రసారకేంద్రములు పంపు టెలివిజన్ కార్యక్రమములు పైకము లేకుండగనే అందును. కేబుల్ కంపెనీకి కట్టవలసినది లేదు, నెలచందా లేదు. వాణిజ్య ప్రకటనల రాబడితో ఆ కేంద్రములలో పెక్కు నడచుచుండుటయే ఇందులకు కారణము. ఇట్లు ఉచితముగా వచ్చు కార్యక్రమమును దాచుకొని తీరిక వేళ చూచుకొనుటకు ఉపకరించు యంత్రములు ఆ దేశపు బజారులో చాలకాలమునుండి అమ్ముడు పోవుచున్నవి. వానిని గూర్చి వ్రాయువారు సాధారణముగా యాంటెన్నా ఎత్తు, డిస్కు పరిమాణము, యంత్రపు వెల చెప్పి విరమింతురు. కొన్నవారికి చిక్కు ఎదురగునది అక్కడ కాదు.

సంతకు పోవు బాటకు సుంకము లేకపోయినను సంత వాకిట ఆశీలు వసూలు చేయువాడు కూర్చుండును గదా! ఉచిత టెలివిజన్ రికార్డింగునందు అట్టి ఆశీలు రెండు చోట్ల ఉన్నది. ఏ కార్యక్రమము ఏ వేళకు వచ్చునో తెలుపు పట్టిక ఒకటి. వచ్చిన సంకేతమును విప్పు తాళపుచెవి రెండవది. బొమ్మను పట్టి నిలుపు విద్యయందు ఇంజనీర్లు సాధించిన విజయము చాల గొప్పది. ఆ ఫలము ప్రేక్షకునకు పూర్తిగా దక్కకుండ అడ్డుపడుచున్నవి ఈ రెండు చిన్న వస్తువులే.

బొమ్మను పట్టుట ఒకనాడు నిజముగనే కష్టము. ధ్వనిని టేపుపై ఎక్కించుటకు సెకనుకు 15 వేలు, 20 వేల కంపనములవరకు పట్టగలిగిన చాలును. అమెరికా అనలాగ్ టెలివిజన్ సంకేతమునందలి కంపనములు సెకనుకు సుమారు 42 లక్షలవరకు పోయెడివి. కదలక నిలిచియున్న తల ఎదుట టేపును పరుగెత్తించి వీనిని పట్టవలెనన్నచో, గంటసేపు సాగు నాటకమునకు ఎన్ని మైళ్ళ టేపు కావలెనో ఊహించుకొనవచ్చును. ఆ రోజులలో టెలివిజన్ తెర ఎదుట సినిమా కెమేరా పెట్టి ఫిల్ము తీయుటయే గతి. 1956లో ఆంపెక్స్ కంపెనీవారు ఈ చిక్కును తలక్రిందులు చేసి విడదీసిరి. టేపును మెల్లగ నడపి, తలలనే గిరగిర త్రిప్పిరి. రెండంగుళముల వెడల్పుగల టేపు సెకనుకు 15 అంగుళముల చొప్పున కదలుచుండగా, 4 తలలు గల చక్రము నిమిషమునకు 14,400 సార్లు తిరుగుచు దానిని అడ్డముగా గీచుచుండెను. అయితే ఆ యంత్రమును కొనగలిగినవి ప్రసారకేంద్రములే.

ఇంటికి దిగివచ్చిన యంత్రములలో సోనీ కంపెనీ బీటామాక్స్ 1975లో వెలువడినది. దాని పోటీదారైన వి.హెచ్.ఎస్. మరుసటి ఏట జపానులో బయలుదేరినది. ఇచట తరగతిలో చేయింపదగిన లెక్క ఒకటి కలదు. వి.హెచ్.ఎస్. యంత్రములోని డోలు వ్యాసము 62 మిల్లీమీటర్లు. అమెరికా పద్ధతిలో అది సెకనుకు 30 సార్లు తిరుగును. చుట్టుకొలతను 30 చే గుణించినచో అంచు వేగము సెకనుకు సుమారు 5.8 మీటర్లని తేలును. అదే సమయమున టేపు కదలునది సెకనుకు 33 మిల్లీమీటర్లు మాత్రమే. అనగా తల టేపుకంటె సుమారు 175 రెట్లు వేగముగా పోవుచున్నది. అరచేతి వెడల్పు కాసెట్టులో రెండు గంటల సినిమా ఇమిడినదన్న, ఇది అంతయు ఈ 175 యొక్క మహిమ.

బొమ్మ చిక్కినదో లేదో, వ్యాజ్యము మొదలైనది. యూనివర్సల్, డిస్నీ స్టూడియోలు 1976లో సోనీపై దావా వేసినవి. ఇంటిలో కూర్చుండి మా చిత్రములను ప్రతులు తీసికొనుట చట్టవిరుద్ధము. అందులకు సాధనమును అమ్మినవాడును దోషియే అని వారి వాదము. క్రింది కోర్టు ఒకతీరుగను, అప్పీలు కోర్టు వేరొకతీరుగను చెప్పగా, 1984 జనవరి 17న అమెరికా సుప్రీముకోర్టు 5-4 ఆధిక్యముతో సోనీ పక్షమున తీర్పు చెప్పినది. ప్రధాన తీర్పు వ్రాసినవారు జస్టిస్ స్టీవెన్స్. భిన్నాభిప్రాయము జస్టిస్ బ్లాక్‌మన్‌ది.

విజ్ఞానశాస్త్ర పాఠకులు కూడ ఓపికతో చదువదగిన తీర్పు ఇది. యంత్రము చేయగలిగినది ఏమి అని కాక, జనులు దానితో వాస్తవముగా చేయుచున్నది ఏమి అని న్యాయమూర్తులు ప్రశ్నించిరి. అందుకు సర్వేల ఫలితములను పరిశీలించిరి. చాలమంది వేళను మార్చుకొనుటకే, అనగా సాయంకాలపు కార్యక్రమమును రాత్రి చూచుటకే రికార్డు చేయుచున్నారని తేలినది. ఉచితముగా మొత్తము చూడుమని ఆహ్వానింపబడినవాడు అదే చిత్రమును కొన్ని గంటలు ఆలసించి చూచుటలో అన్యాయము లేదని వారు నిర్ణయించిరి. పిల్లల కార్యక్రమములకు పేరుపొందిన ఫ్రెడ్ రోజర్స్, తమ కార్యక్రమమును కుటుంబములు రికార్డు చేసికొనుటకు తమ ఆక్షేపణ లేదని ఇచ్చిన సాక్ష్యమును కూడ వారు ఉదహరించిరి. తీర్పులో లోపమేమనగా, అది ఆలసించి చూచుటను గూర్చి చెప్పినంత స్పష్టముగా బీరువానిండ టేపులు పేర్చుకొనుటను గూర్చి చెప్పలేదు. ఆ మౌనము నేటికిని తగవులకు తావిచ్చుచునే యున్నది.

హక్కు వచ్చినది. దానిని వినియోగించుకొనుటకు కావలసినది గడియారము. ఆనాటి యంత్రమునకు కార్యక్రమము పేరు తెలియదు. ఛానెలు, తేది, ప్రారంభవేళ, ముగింపువేళ మనిషి మీటలు నొక్కి చెప్పవలెను. అంతకుముందు యంత్రపు గడియారమును సరిచేయవలెను. విద్యుత్తు ఒక్క నిమిషము పోయినచో ఆ గడియారము 12:00 చూపుచు కన్నులార్పుచుండెడిది. దానిని తిరిగి సరిచేయని ఇండ్లు అమెరికాలో ఎన్నియో ఉండుటచే, ఆ మెరయు 12:00 ఒక హాస్యవస్తువైనది. నవ్వులాటగా కనబడు ఈ విషయములోనే అసలు సంగతి దాగియున్నది. సెకనుకు లక్షలకొలది కంపనములను పట్టగల యంత్రము, బుధవారము రాత్రి 8 గంటలు ఎప్పుడగునో తెలియక నిలిచిపోయినది!

1990లో జెమ్‌స్టార్ అను కంపెనీ ఈ అవసరమును గుర్తించి వి.సి.ఆర్. ప్లస్ అను పద్ధతిని తెచ్చినది. వార్తాపత్రికలో ప్రతి కార్యక్రమము ప్రక్కన ఒక సంఖ్య ముద్రింతురు. ఆ సంఖ్యను నొక్కినచో ఛానెలు, తేది, వేళ, నిడివి అన్నియు యంత్రమునకు తెలియును. ఇందలి గణితము ముచ్చటైనది. ఎక్కువమంది రికార్డు చేయదలచు కార్యక్రమములకు చిన్న సంఖ్యలు, అరుదైనవానికి పొడవైన సంఖ్యలు ఇచ్చిరి. అత్యధికముగా 8 అంకెలు. మోర్సు తంతి సంకేతములో తరచుగా వచ్చు ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క చుక్క, అరుదుగా వచ్చుదానికి పొడవైన గుర్తు నిర్ణయించుట ఈ సూత్రముననుసరించియే. కాని సంఖ్యను వేళగా మార్చు విధానమును కంపెనీ రహస్యముగ నుంచినది. 1992లో క్రిప్టాలజియా అను పత్రికలో ముగ్గురు వ్రాసిన వ్యాసమొకటి ఆ రహస్యమును చాలమట్టుకు విప్పి చూపినది. పత్రికలో ఎవరైనను ఉచితముగా చదువదగిన కార్యక్రమ వేళలు, అంకెల ముసుగు వేసికొని, అమ్మకపు సరుకైన సందర్భము ఇది. తరువాత జరిగినదంతయు ఈ మొదటి మెట్టుపైననే నిలిచియున్నది.

1999లో టీవో అను యంత్రము టేపును వదలి కంప్యూటరు హార్డ్ డిస్కును ఆశ్రయించినది. రాత్రివేళ టెలిఫోను తీగద్వారా కంపెనీతో మాటలాడి, రాబోవు దినముల పట్టికను తెచ్చుకొనెడిది. ధారావాహిక పేరు చెప్పినచో ప్రతివారము తానే వెదకి రికార్డు చేసెడిది. ఈ సౌకర్యమునకు నెలకు సుమారు 10 డాలర్ల చందా. పాఠకులు ఒక్క విషయము గమనింపవలెను. డిస్కు కొన్నవానిదే, విద్యుత్తు కొన్నవానిదే, కార్యక్రమము గాలిలో ఉచితముగా వచ్చినదే. చందా దేనికి? వేళల పట్టికకు. ఆ యంత్రము మెప్పునకు తగినదే. దాని వలన ఎందరికో గడియారపు బాధ తీరినది. కాని "ఉచిత టెలివిజన్"కు నెలచందా అలవాటు చేసిన ఘనతయు దానిదే.

2009 జూన్ 12తో అమెరికాలోని పూర్తిశక్తి ప్రసారకేంద్రములు అనలాగ్ పద్ధతిని విడిచి డిజిటల్ పద్ధతికి మారినవి. రికార్డు చేయువానికి ఇది వరప్రసాదము. ఎ.టి.ఎస్.సి. అను ఆ ప్రమాణము ప్రకారము 60 లక్షల హెర్ట్‌జుల వెడల్పుగల ఒక్కొక్క ఛానెలులో సెకనుకు 1 కోటి 93 లక్షల 90 వేల బిట్లు ప్రవహించును. గంటకు 3,600 సెకనులు, బైటుకు 8 బిట్లు. లెక్కించినచో ఛానెలు మొత్తము గంటసేపు వ్రాసికొనుటకు సుమారు 8.7 గిగాబైట్లు చాలును. ఒక టెరాబైటు డిస్కులో నూరు గంటలకు పైబడి పట్టును. బొమ్మ అప్పటికే అంకెలుగా మారి కుదించబడి వచ్చుచున్నందున యంత్రము చేయవలసిన పని వ్రాసికొనుట మాత్రమే. టేపుమీది ప్రతి అసలుకంటె మసకగా ఉండెడిది, ఇది అసలే. అంతేకాదు, ఒకే ఛానెలు ప్రవాహములో రెండు మూడు కార్యక్రమములు కలసి వచ్చుచుండును గనుక, ఒక్క ట్యూనరుతోనే వానినన్నింటిని ఒకేసారి నిలుపుకొనవచ్చును. ఈ మేలును గూర్చి అమ్మకపు ప్రకటనలు తగినంతగా చెప్పుట లేదు.

దోషము లేకపోలేదు. అనలాగ్ బొమ్మ సంకేతము తగ్గినకొలది మంచు కురిసినట్లు మసకబారెడిదే గాని కథ తెలిసెడిది. డిజిటల్ బొమ్మ, సంకేతబలము రొదకంటె సుమారు 32 రెట్లు, అనగా 15 డెసిబెల్లులు, ఉన్నంతవరకు నిష్కళంకముగా ఉండి, అంతకు తగ్గగానే గట్టు అంచునుండి పడినట్లు మాయమగును. ఎదుట కూర్చుండి చూచువాడు లేచి యాంటెన్నాను కొంచెము త్రిప్పగలడు. యంత్రము ఒంటరిగా రికార్డు చేయుచున్నపుడు త్రిప్పువారెవరు? కావున రికార్డింగునకు యాంటెన్నా చూచుటకు కావలసినదానికంటె మెరుగైనదిగ ఉండవలెను. అమెరికాలో యు.హెచ్.ఎఫ్. టెలివిజన్ తరంగముల పొడవు ఇప్పుడు సుమారు 49 నుండి 64 సెంటీమీటర్లు. అందు సగమే యాంటెన్నా కడ్డీ పొడవు కనుక మూరెడుకంటె పొట్టి కడ్డీలు చాలును. ఎత్తుననుంచుట ముఖ్యము.

ఇక పట్టిక. ఎ.టి.ఎస్.సి. ప్రమాణమును కూర్చినవారు ఈ అవసరమును మరువలేదు. ప్రతి కేంద్రము తన కార్యక్రమముల వేళలను బొమ్మతోబాటు గాలిలోనే పంపు ఏర్పాటు చేసిరి. ఒక్కొక్క పట్టిక 3 గంటలది. మొత్తము 128 పట్టికలవరకు పంపవచ్చును. అనగా 16 దినముల సమాచారము. ఇది సక్రమముగ అమలు జరిగియున్నచో టీవో వంటి చందా అవసరమే లేకపోవును. కాని ప్రమాణము తప్పనిసరి చేసినది 4 పట్టికలు మాత్రమే, అనగా 12 గంటలు. పదునారు దినములకు దారి చూపి పన్నెండు గంటలతో సరిపెట్టుకొనుటకు వీలిచ్చిన ఈ నియమము, ఆ ప్రమాణములోని పెద్ద లోపము. ఉదయము లేచి నేటి రాత్రి కార్యక్రమమును ఎన్నుకొనుటకు అది చాలును. వచ్చే వారపు ధారావాహికకు చాలదు. పైగా ఒక్కొక్క కేంద్రము సామాన్యముగ తన పట్టికనే పంపును. ఊరిలోని కేంద్రములన్నింటి వేళలు తెలియుటకు ట్యూనరు ఒక్కొక్కదాని గడప త్రొక్కి రావలెను.

ఈ లోటువల్ల ఇంటర్నెట్టు పట్టికల వ్యాపారము వర్ధిల్లినది. 2002లో ప్రారంభమైన మిత్‌టీవీ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పాత కంప్యూటరును రికార్డు యంత్రముగా మార్చును. దానిని వ్రాసినవారు ప్రతిఫలము కోరలేదు. దాని అమెరికా వినియోగదారులు ఒక వాణిజ్య సంస్థ దయతో ఇచ్చుచున్న పట్టికపై ఆధారపడుచుండిరి. ఆ సంస్థ 2007 సెప్టెంబరు 1న ఇచ్చుట మానినది. వెంటనే వారు లాభాపేక్ష లేని సంఘమొకటి స్థాపించి, అందరును కలసి కొద్దిపాటి చందాతో పట్టికను కొనుట ప్రారంభించిరి. సాఫ్ట్‌వేరు ఉచితము, తరంగము ఉచితము, చివరకు పంచాంగమునకు పైకము! ట్యాబ్లో అను పెట్టె కథ ఇందుకు భిన్నమైనది. తొలి నమూనాలలో పూర్తి పట్టికకు చందా ఉండెను. ఆ కంపెనీని స్క్రిప్స్ అను ప్రసారసంస్థ 2022లో కొనినది; 2023లో వెలువడిన నమూనాకు చందా తీసివేసినది. యాంటెన్నాతో చూచువారు పెరిగినచో తమ ప్రకటనల రాబడి పెరుగునని ప్రసారసంస్థ లెక్క గావచ్చును. ఏమైనను, "చందా లేదు" అను మాటను నిలుపుకొన్నది గనుక దీనిని మెచ్చుకొనవలెను. అయినను పట్టిక వచ్చునది గాలినుండి కాదు, కంపెనీ కంప్యూటరునుండి. 2007లో జరిగినది మరల జరుగదనుటకు హామీ లేదు.

తాళపుచెవి కథ ఇంతకంటె గంభీరమైనది. డిజిటల్ ప్రతి అసలుతో సమానమగుటచే చిత్రనిర్మాతలకు భయము కలిగినది. ఆ భయమును పూర్తిగా త్రోసిపుచ్చరాదు. లక్షల ప్రతులు ఒక్కరాత్రిలో లోకమంతట వ్యాపించు కాలము ఇది. 2003లో అమెరికా ప్రసార నియంత్రణ సంఘమైన ఎఫ్.సి.సి., ప్రసారములో ఒక గుర్తు ఉంచి, ఆ గుర్తును గౌరవించు యంత్రములనే అమ్మవలెనని నియమము చేసినది. గ్రంథాలయ సంఘము మున్నగువారు కోర్టుకెక్కగా, ప్రసారము అందుకొన్న తరువాత యంత్రము ఏమి చేయవలెనో శాసించు అధికారము ఎఫ్.సి.సి.కి లేదని 2005 మేలో అప్పీలు కోర్టు ఆ నియమమును కొట్టివేసినది. నియమము అమలులోనికి రాకముందే ముగిసినది.

అప్పుడు ముందు ద్వారమున రానిది ఇప్పుడు ప్రక్క ద్వారమున వచ్చుచున్నది. 2017 నవంబరులో ఎఫ్.సి.సి. అనుమతించిన ఎ.టి.ఎస్.సి. 3.0 అను క్రొత్త ప్రమాణము శాస్త్రదృష్టితో చూడగా పాతదానికంటె ఎంతయో మేలైనది. అదే వెడల్పులో ఎక్కువ బిట్లు పోవును. ప్రతిధ్వనుల బాధ తక్కువ. బొమ్మ స్పష్టత హెచ్చు. కాని ఆ పద్ధతిలో ప్రసారము చేయు పెక్కు కేంద్రములు తమ సంకేతమును గుప్తలిపిలో పంపుచున్నవి. దానిని విప్పు చెవి, ప్రసారకుల సంఘము ఏర్పరచిన సంస్థ నిబంధనలకు ఒడంబడిన యంత్రములకే లభించును. దీని ఫలితముగా, హెచ్.డి.హోమ్‌రన్ అను పేరుపొందిన ట్యూనరు పెట్టెను కొన్నవారు 3.0 తరంగమును అందుకొన్నను, తాళము వేసిన ఛానెళ్ళను చూడలేని స్థితి ఏర్పడినది. మిత్‌టీవీ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు చెవి దొరకుట మరింత దుర్లభము; తన అంతరంగమును అందరికి చూపు సాఫ్ట్‌వేరు చెవిని దాచియుంచలేదు గదా.

ప్రసారకుల సమాధానములలో ఒకటి, దొంగ ప్రసారమును నకిలీ సంకేతమును అరికట్టుటకు ఇది అవసరమని. ఇచట రెండు వేర్వేరు విషయములు కలిపివేయబడినవి. ఉత్తరము క్రింద సంతకము చేయుట ఒకటి, ఉత్తరమును పెట్టెలో పెట్టి తాళము వేయుట మరొకటి. సంతకము వ్రాసినవాడెవరో తెలుపును, చదువుటను అడ్డదు. 3.0 ప్రమాణమునందే ఇట్టి డిజిటల్ సంతకమునకు వేరుగ ఏర్పాటు కలదు. నకిలీని పట్టుటకు అది చాలును. తాళము చేయునది వేరు పని: ఏ యంత్రము రికార్డు చేయవచ్చునో నిర్ణయించుట. 1984 తీర్పు ప్రేక్షకునకు ఇచ్చిన సౌలభ్యము చట్టములో చెక్కుచెదరకయే ఉన్నది. దానిని వినియోగించు చేతికి మాత్రము చెవి లేదు. పాత పద్ధతి ప్రసారములు ఇంకను సాగుచున్నందున ఈ బాధ అమెరికాలో అందరకును ఇంకను తగులలేదు.

వేళ మార్చుకొనుట అను సమస్యను యంత్రము లేకుండగనే పరిష్కరించు మార్గమొకటి భారతదేశములో కలదు. తెలుగు ఉపాధ్యాయులకు అది తెలిసినదే. 2004 డిసెంబరులో మరియొక పేరుతో ప్రారంభమై నేడు డి.డి. ఫ్రీ డిష్ అనబడుచున్న దూరదర్శన్ ఉపగ్రహ ప్రసారమునకు నెలచందా లేదు. పళ్ళెము, పెట్టె కొన్న చాలును. యు.ఎస్.బి. రంధ్రములో పెన్‌డ్రైవు గ్రుచ్చి రికార్డు చేయు పెట్టెలు సైతము బజారులో దొరకుచున్నవి. 2017లో ప్రారంభమైన స్వయంప్రభ విద్యా ఛానెళ్ళును జీశాట్-15 ఉపగ్రహము ద్వారా చందా లేకుండ వచ్చును. వాని ఏర్పాటు వినదగినది. ప్రతిదినము కనీసము 4 గంటల క్రొత్త పాఠము. దానినే ఆ దినములో మరి 5 సార్లు తిరిగి ప్రసారము చేయుదురు. నాలుగారులు ఇరువదినాలుగు. ఉదయము బడికి పోయినవాడు సాయంకాలము, సాయంకాలము పొలము పనికి పోయినవాడు రాత్రి అదే పాఠము వినగలడు. రికార్డు యంత్రము ఇంటిలో చేయు పనిని ఇచట ప్రసారకుడే ఆకాశములో చేయుచున్నాడు. ఒక్క గంట డిస్కు చోటు మిగులుటకు ఆరు గంటల ఉపగ్రహ ప్రసారము ఖర్చగుచున్నదన్న ఆక్షేపణ ఉన్నది. డిస్కు చౌకయైన ఈ దినములలో అది బలమైన ఆక్షేపణయే. కాని యంత్రము కొనలేని ఇంటికి ఈ లెక్క వేరుగా తేలును. పట్టికను ముందుగనే వెబ్‌సైటులో ఉచితముగా ప్రకటించుచున్నారు.